రెండో గేరులో ఫ్లైఓవర్

మా కారు పంజాగుట్ట ఫ్లైఓవర్ మధ్యలో ఆగిపోయిన రోజున డైరీలో నేను రాసుకున్నది నాలుగు ముక్కలే. "ఏసీ వేసి ఉంది. ముగ్గురం. రెండో గేరు. ఎత్తు మీద ఇంజను ఆగింది, శక్తి చాలలేదు." ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నీటి సరఫరా పంపుల లాగ్‌బుక్కులు రాసినవాణ్ణి. యంత్రం ఏ స్థితిలో ఉండగా ఏం జరిగిందో రాస్తే చాలునని అలవాటైపోయింది.

ఆ రోజు కారు నడిపింది మా ఆవిడ. నాకు డ్రైవింగు రాదు. ఆఫీసు జీపుకి ఎప్పుడూ డ్రైవరు ఉండేవాడు కాబట్టి నేర్చుకునే అవసరం పడలేదు. తను మాత్రం నలభై దాటాక మధురానగర్ వీధుల్లోనే నేర్చుకుని, ఇరవై ఏళ్ళకు పైగా ఇదే కారు నడిపింది. ఆ మధ్యాహ్నం మాసబ్‌ట్యాంక్‌లో ఉండే వాళ్ళ అక్కగారిని ఇంట్లో దింపడానికి బయలుదేరాం. అక్కగారు వెనక సీట్లో, నేను ముందు సీట్లో మా ఆవిడ పక్కన. ఫ్లైఓవర్ సగం ఎక్కాక ముందున్న బళ్ళు ఆగాయి, మేమూ ఆగాం. అవి కదిలాయి. మా కారు రెండుసార్లు వణికి ఆగిపోయింది. ఒక అడుగు వెనక్కి జారింది. వెనక సిటీ బస్సు. మా ఆవిడ హ్యాండ్‌బ్రేకు లాగింది.

"ఆంటీ, ఇంట్ల పార్క్ చేసుకోరాదే! గిక్కడెందుకు?" అని బైకు మీద పోతూ ఎవరో అరిచారు. మూడోసారికి ఇంజను అందుకుంది.

అక్కగారిని దింపి వచ్చేటప్పుడు మా ఆవిడ ఫ్లైఓవర్ ఎక్కలేదు. కింద చౌరస్తా రద్దీలోంచే వచ్చింది. ఇంటికొచ్చాక తాళంచెవి ఫ్రిజ్ పక్కన మేకుకి తగిలించి, "ఇక చాలండీ. నేను నడపను. అమ్మేద్దాం," అంది.

కోపంగా అని ఉంటే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. కూరల సంచీ మడతపెడుతూ మామూలుగా అంది. ఆ తర్వాతి గురువారం అక్క దగ్గరికి ఆటోలో వెళ్ళింది. పై వారం ఆటో దొరకలేదని మానేసింది. అంతకు ముందు ఏ గురువారమూ మానింది లేదు. అక్కగారికి మోకాళ్ళ నొప్పి, మేం కారులో తీసుకొస్తే తప్ప గడప దాటరు. ఆ ఇద్దరికీ వారానికి ఒక పూట కలిసి కూర్చుని కబుర్లు చెప్పుకోవడం అన్నం తినడంతో సమానం. మా మెట్ల మీద పక్క పోర్షనువాళ్ళు కూడా అడగడం మొదలుపెట్టారు, "ఆంటీ ఈమధ్య కారు తియ్యట్లేదేం?" అని. వాళ్ళలో ఇద్దరిని అర్జంటుగా ఆసుపత్రికి చేర్చిన కారు అది.

నాకు దారి స్పష్టంగానే కనిపించింది. శక్తి చాలక ఆగింది కాబట్టి శక్తి పెంచాలి. కారు ఎత్తు ఎక్కితే ఆమె మళ్ళీ నడుపుతుంది.

అమీర్‌పేట్‌లో, కంప్యూటర్ కోర్సుల ఫ్లెక్సీలు వేలాడే సందు చివర ఒక రేకుల షెడ్డు ఉంది. అక్కడి మెకానిక్‌కి మా కారు పదేళ్ళుగా తెలుసు. ఎర్రగడ్డ మనిషి, యాభై దాటాయి, అందరూ భాయ్ అనే పిలుస్తారు.

"ఇంజనుకి పవర్ పెంచాలి భాయ్," అన్నాను.

"బండి ఉమర్ ఎంత సార్?"

"ఇరవై ఎనిమిది."

"గీ ఉమర్ల దాన్ని జిమ్ముకు తోలుతరా?" అని నవ్వి, చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చాడు. నేను సంగతంతా చెప్పాక నవ్వలేదు. "అమ్మ నడుపుత లేదా? అరె. అయితే చూద్దం సార్."

అతను చెప్పిన పని మూడు భాగాలు. ఇంజను తల విప్పి దాని అడుగు ముఖాన్ని లేత్ షాపులో కొంచెం చెక్కించాలి. దాన్ని ఫేసింగ్ అంటారు. అలా చేస్తే పెట్రోలు మండే చోటు ఇరుకవుతుంది, పిస్టన్ మీద దెబ్బ గట్టిగా పడుతుంది. గాలి లోపలికి వెళ్ళే దారులు గరుకుగా ఉన్నాయి, వాటిని నున్నగా రుద్దాలి. కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే చిన్న రంధ్రం, అంటే జెట్, ఒక సైజు పెంచాలి. సైలెన్సర్ కూడా పెద్దది వేద్దామన్నాడు. కాలనీలో కుక్కలు ఊరుకోవని నేనే వద్దన్నాను.

పని మొదలుపెట్టే ముందు కొలత ఉండాలి కదా. ఆదివారం పొద్దున్నే, రోడ్డు ఖాళీగా ఉండగా, భాయ్ నడుపుతుంటే నేను స్టాప్‌వాచ్ పట్టుకుని ఫ్లైఓవర్ మొదట్నుంచి పైదాకా ఎంతసేపు పడుతుందో చూశాను. ఏసీ వేశాం. అక్కగారి బరువుకి బదులు వెనక సీట్లో కిరాణా కొట్టు నుంచి తెచ్చిన రెండు బియ్యం బస్తాలు పెట్టాను.

భాయ్ అద్దంలో వాటిని చూసి, "పెద్దమ్మకు ఈ ముచ్చట చెప్పకుర్రి సార్. రెండు బస్తాలంటే ఇగ మీ ఇంటికి రాదు," అన్నాడు.

పందొమ్మిది సెకన్లు. మూడుసార్లు చూసినా అంతే.

ఇంజను తల విప్పిన రోజు నేను పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఎంత చెక్కాలో ఇంటి దగ్గరే లెక్క వేసి తీసుకెళ్ళాను. కారుతో వచ్చిన పుస్తకంలో ఇంజను తల మందం ఎంతో ఉంది. దాని ప్రకారం ఒక మిల్లీమీటరు తీయవచ్చు. అంతకు మించితే మండే చోటు మరీ ఇరుకై, పెట్రోలు సమయానికి ముందే అంటుకుని లోపల సుత్తితో కొట్టినట్టు శబ్దం వస్తుంది. పిస్టన్లు పగులుతాయి. ఈ మోడలుకి ఇప్పుడు ఇంకో తల దొరకదు. ఒకసారి కోసింది మళ్ళీ అతికించలేం.

భాయ్ ఆ ముక్కని వెలుగులో అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో రాసి చూశాడు.

"సార్, దీన్ని ఇంతకు ముందు సుత గీకిండ్రు."

"లేదు భాయ్. ఈ కారుకి జరిగిన ప్రతి పనీ నా డైరీలో ఉంది."

"డైరీల ఉంటే ఉండొచ్చు. గీ గీతలు కంపెనీ గీతలు కావు. నేను చెప్తున్న కద."

నాకు కాస్త పట్టుదల వచ్చింది. లేత్ షాపుకి సాయంత్రం దాకా పంపొద్దని చెప్పి ఇంటికి నడిచాను. నా డైరీలన్నీ అలమారాలో పై అరలో వరసగా ఉంటాయి. నిజం చెప్పాలంటే వాటిని రాయడమే తప్ప తిరిగి చదివే అలవాటు నాకు లేదు. అతను చెప్పింది తప్పని చూపించడానికే కింద చాప పరుచుకుని మొదటిసారి వరసగా తిరగేశాను. కారు ఉన్న పేజీలన్నీ చదివాను. పెట్రోలు, కిలోమీటర్లు, టైర్ల గాలి. "థర్డ్ ఆలస్యంగా వేసింది." "చెప్పినా వినక ఫస్ట్‌లోనే లాగింది, మైలేజీ పడిపోతుంది." ఇలాంటివి చాలా ఉన్నాయి. నేను వెతుకుతున్నది అది కాదు కాబట్టి వాటిని దాటుకుంటూ పోయాను. తొమ్మిదో డైరీలో దొరికింది. ఎండాకాలంలో రేడియేటర్ నీళ్ళు ఆరిపోయి ఇంజను వేడెక్కినప్పుడు వేరే ఊళ్ళో, వేరే మెకానిక్ దగ్గర ఫేసింగ్ చేయించాను. అర మిల్లీమీటరు. నా చేతిరాతే.

ఆ డైరీ చంకలో పెట్టుకుని షెడ్డుకి తిరిగి వెళ్ళాను. నా లెక్క ప్రకారం కోసి ఉంటే ఇంజను పోయేది.

"నువ్వే కరెక్టు భాయ్," అన్నాను.

అతను పేజీ వంక చూడలేదు. డ్రాయర్‌లోంచి వెర్నియర్ తీసి ముక్క మందం కొలిచి నాకు చూపించాడు. "గిది పెట్టి చూస్తే ఒక్క నిమిషంల అయిపోతుండె. మీరు ఇంటిదాంక ఎందుకు ఉరికిండ్రు సార్?"

అర మిల్లీమీటరే తీయించాం. మిగతా రెండు పనులూ చేశాడు. వారం తర్వాత మళ్ళీ ఆదివారం పొద్దున, అదే ఏసీ, అవే బస్తాలు. పదిహేను సెకన్లు. ఎత్తు మీద ఇంజను గొంతు కూడా మారింది. ఇంతకు ముందు మూలిగేది, ఇప్పుడు నిండుగా ఒకే శ్రుతిలో ఉంది. భాయ్ స్టీరింగు మీద తట్టి, "మస్తుగ లాగుతున్నది," అన్నాడు. ఇద్దరం నాగార్జున సర్కిల్ దగ్గర ఆగి ఇరానీ చాయ్ తాగాం.

ఇంటికి రాగానే మా ఆవిడకి చెప్పాను. నాలుగు సెకన్లు తగ్గింది, ఇక ఎక్కడా ఆగదు అన్నాను. ఆమె బీరకాయ చెక్కు తీస్తోంది. "మంచిదండీ," అంది. గురువారం వచ్చింది. ఆటో కోసం వీధి చివరికి నడిచి వెళ్ళింది. తాళంచెవి మేకు మీదే ఉంది.

రెండు రోజులకి భాయ్ మా ఇంటికే వచ్చాడు. కొత్త జెట్‌కి కార్బురేటర్ ఇంకోసారి సరిచేయాలన్నాడు. బానెట్ ఎత్తి స్క్రూ తిప్పుతూ, మా ఆవిడ చాయ్ తెచ్చి ఇస్తే అడిగాడు.

"అమ్మా, ఆ రోజు బండి ఎట్ల ఆగింది? ఏ గేరుల ఉంటివి?"

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అప్పటికి నెల రోజులుగా ఆ కారు గురించే పని చేస్తున్నాను. ఆ ప్రశ్న నేను ఆమెని అడగలేదు. గేరు ఏదో నాకు తెలుసు కదా, పక్కనే ఉన్నాను కదా.

"రెండో గేరు," అంది.

"నిలబడ్డ బండిని ఎత్తు మీద రెండోదాంట్ల లేపినవా? ఇరవై ఏండ్ల సంది నడుపుతున్నవు, ఎందుకట్ల?"

"నేను ఫస్ట్‌లోనే వేశాను. 'సెకండ్, సెకండ్, పెట్రోలు తాగేస్తుంది' అన్నారు. మార్చాను. ఆగిపోయింది."

"ఎవరన్నరు?"

ఆమె నా వైపు చూడలేదు. చూడాల్సిన పని లేదు. భాయ్ మాత్రం బానెట్ పక్కనుంచి తల బయటికి పెట్టి నన్ను చూశాడు.

"సార్! అన్ని బండ్లకి నాలుగు చక్రాలకే బ్రేకులుంటయి. మీ బండికి అయిదోది పక్క సీట్ల ఉన్నది. అది నేను ఇప్పలేదు."

ముగ్గురం నవ్వాం. నేను కొంచెం ఆలస్యంగా నవ్వాను.

"మరి ఆ రోజే చెప్పొచ్చు కదా," అన్నాను ఆమెతో, అతను వెళ్ళాక.

"ఏమని చెప్పను? ఇంటికొచ్చి మీరు ఇంజనుకి శక్తి లేదని రాసుకుంటున్నారు. ఇరవై ఏళ్ళు పక్కన కూర్చుని చెబుతూనే ఉన్నారు, నేను వింటూనే ఉన్నాను. ఆ రోజు అంతమంది ముందు ఆగిపోయేసరికి ఇంక నడపాలనిపించలేదు."

తప్పు నాదేనని చెప్పాను. ఆ మాట అనడం నాకు అంత తేలిక కాదు, ఆమెకది తెలుసు.

"నేను కారులో రానులే. నువ్వు ఒక్కదానివే వెళ్ళు," అన్నాను.

"మీరు రాకపోతే నడుపుతాను," అంది వెంటనే. అంత త్వరగా అంటుందని నేను అనుకోలేదు.

ఆ గురువారం పదకొండింటికి తాళంచెవి తీసుకుంది. ఐదింటికి తిరిగి రావాలి. ఆరు దాటింది. ఫోను చేయాలని రెండుసార్లు అనుకుని, నడుపుతూ ఉంటుందని మానేశాను. ఆరున్నరకి కారు గేటులోకి వచ్చింది.

"ఆలస్యమైందేం?"

"ఫ్లైఓవర్ రెండుసార్లు ఎక్కాను."

"ఎందుకు?"

"ఊరికే. ఒకసారి ఎక్కి దిగాక, ముందుకెళ్ళి తిరిగొచ్చి మళ్ళీ ఎక్కాను. బాగా లాగుతోందండీ. భాయ్‌కి చెప్పండి." చెప్పులు విడుస్తూ, వాళ్ళ అక్క పంపిన గోంగూర పచ్చడి సీసా నా చేతికిచ్చింది.

పై వారం నన్నూ తీసుకెళతావా అని అడిగాను. "వెనక సీట్లో అయితే రండి," అంది.

వెనక కూర్చున్నాను. గ్రీన్‌లాండ్స్ దాటి ఫ్లైఓవర్ ఎక్కుతుండగా బళ్ళన్నీ ఆగాయి, మేమూ ఎత్తు మీద ఆగాం. వెనక ఎవరో హారన్ కొట్టారు. ముందు బండి కదిలింది. ఆమె భుజం కొద్దిగా కదిలింది, కారు కదిలింది. ఏ గేరులో కదిలిందో వెనక సీటు నుంచి నాకు కనిపించలేదు.