గాడిద రాణికి మా మామ్మ చెప్పిన ముగింపు

మా చిన్నప్పుడు వానకీ మా టీవీకీ పడేది కాదు... కొండ మీద మబ్బు దిగితే చాలు, బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోయేది. వెనకాలే కరెంటూ పోయేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేనూ తమ్ముడూ కార్టూన్ చూస్తున్నాం. పక్కనే మామ్మ చాట ముందేసుకుని, అరకు సంతకి పట్టుకెళ్లే రాజ్మాలో పుచ్చు గింజలు ఏరుతోంది. పాత కావ్యాలను వెక్కిరించే ఎపిసోడ్ అది. కావ్యమంటే ఏమిటో అప్పట్లో తెలీదు లెండి... రాజూ గాడిదే, రాణీ గాడిదే. రాజ్యం పోగొట్టుకున్న రాజు, అడవిలో రాణి నిద్రపోతుంటే వదిలేసి వెళ్లిపోయాడు. చెవులకు చిక్కుకున్న కిరీటం ఊడిరాక, దాన్ని చెట్టుకేసి రుద్దుకుని మరీ వెళ్లాడు.

తమ్ముడు పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు... మర్నాడు నాన్న నన్ను ఆశ్రమ పాఠశాల హాస్టల్లో దింపాలి. కిందటేడు మా పెదనాన్న తన కూతుర్ని అక్కడే దింపి, అది నిద్రపోయాక చెప్పకుండా వచ్చేశాడట.

రాణి లేచి, గుడ్లగూబను చూసి జడుసుకుని, బురదలో పడి, ఓండ్ర పెట్టి ఏడుస్తుండగా... కరెంటు పోయింది.

"సచ్చిపోద్దేటి?" అన్నాడు తమ్ముడు.

"సావడమేటిరా," అంది మామ్మ, చాట మీంచి తలెత్తకుండా. "అసలు అదెందుకేడుత్తంది? అడివిలో దుంపల్లేవా? గెడ్డలో నీల్లేవా?"

"అది రాణి మామ్మా. దానికి అడివి తెలీదు."

"అడివి తెలీనిది రాణేటిరా?"

ఇక మిగతా కథ మామ్మే అందుకుంది. మా ఇంట్లో కథకి రూలుండేది... చేతులు గింజలు ఏరుతుండాలి, నోరు ఊ కొడుతుండాలి. ఊ ఆగితే కథ ఆగిపోతుంది.

రాణి గెడ్డలో పారే నీళ్లతో ముఖం కడుక్కుంది. దుంపలు తవ్వింది. అడ్డాకులతో విస్తళ్లు కుట్టింది. నిప్పు రాజేసింది. దారి తప్పి, ఆకలికి చెవులు వాలేసిన రాజు ఆ పొగ చూసుకుంటూ అక్కడికే వచ్చాడు.

"కాల్లు కడుక్కుని రా, అప్పుడు తిందువు," అందట రాణి.

తమ్ముడు ఊ కొట్టడం మరిచిపోయి నవ్వాడు. నేనడిగాను, "ఒక్కర్తీ ఉన్నప్పుడు దానికి బెంగెయ్యలేదా మామ్మా?"

మామ్మ చెయ్యి ఆగింది.

"ఎందుకెయ్యదే గుంటా... ఏసింది. ఏసినా దుంపలు తవ్వుకుంది."

మర్నాడు హాస్టల్లో, నేను పడుకునేదాకా ఉంటానన్నాడు నాన్న. "వొద్దు నాన్నా, బస్సెల్లిపోద్ది. బేగి ఎల్లు," అన్నాను. బస్సు మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని చూశాను. ఏడ్చాను కూడా... తర్వాత కంచం కడుక్కుని అన్నం లైన్లో నిలబడ్డాను.

డిగ్రీలో, ఆ కార్టూన్ వెక్కిరించిన అసలు కావ్యం పాఠంగా వచ్చింది. పద్యం వెనక పద్యం, రాణి ఏడుస్తూనే ఉంది. క్లాసంతా గంభీరంగా వింటుంటే, నాకు మాత్రం ఆవిడ చేతిలో గునపం లేదేమిటా అనిపించింది...

మొన్న ఫోన్లో ఆ ఎపిసోడ్ దొరికింది. చివర్లో రాజే రథమేసుకొచ్చి రాణిని కాపాడతాడు. అంతే. ఇన్నేళ్లూ దాని ముగింపు నాకు తెలుసనే అనుకున్నాను.

ఇప్పుడు వానొచ్చినా, కరెంటు పోయినా ఫోన్లో బొమ్మ ఆగదు. సగంలో ఆగిపోయే కథే లేదు... తర్వాతేమైందని పక్కనున్న మనిషిని అడిగే పనీ లేదు.

మీ ఇంట్లో కరెంటు మింగేసిన కథల్ని ఎవరు పూర్తిచేసేవారు?