మైనం మీద అరచెయ్యి

నాలుగు నెలల కిందట ఒక ఉదయం ఎమ్మిగనూరు బస్సు క్లీనరు మా షెడ్డు ముందుకొచ్చి, "అన్నా, ఉస్తాద్ పోయినాడు. తెల్లార్తా లేపితే లేయలేదంట," అన్నాడు. నేను ఆదోనిలో పాత కార్లు బాగుచేసుకుని బతికేవాణ్ణి. నాకు ఫైబర్ పని నేర్పింది ఆయనే. ఈ చుట్టుపక్కల ఆ పని తెలిసినవాళ్లు అప్పటికి వేరే లేరు.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మొదట నాకు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, అచ్చులో ఉన్న బానెట్.

పాత జీపు చట్రం మీద మేమిద్దరం రెండేళ్లుగా సొంత కారు కడుతున్నాం. బానెట్ ఒక్కటే మిగిలింది. దాని అచ్చు ఆయన ఆరు నెలలు కూర్చుని నునుపు చేసింది, అలాంటిది ఇంకోటి లేదు. పోయే ముందు సాయంత్రం ఆయన ఒక్కడే అందులో గాజుపీచు పరిచి రెజిన్ జిగురు పట్టించాడు. అంతకుముందు మైనం సరిగా పూశాడో లేదో చూసినవాళ్లు లేరు. పూయకపోతే అచ్చూ బానెట్టూ అతుక్కుని ఒకటైపోతాయి. ఇక పగలగొట్టాల్సిందే.

ఆ సంగతి నాకు అనుభవమే. నేర్చుకునే రోజుల్లో తొందరపడి ఒక్క పూతతో సరిపెట్టాను. మడ్‌గార్డు ఊడి రాలేదు. ఉలి పెడితే అచ్చే పెచ్చులుగా లేచింది. ఆయన తిట్టలేదు. "అతికిచ్చేది ఎవడైనా చేస్తాడప్పా. ఊడొచ్చేదానికి ముందే దావ పెట్టాల," అంటూ పెచ్చులన్నీ ఏరి గోనెసంచిలో పోశాడు.

ఆయన ఐదుసార్లు మైనం పూసేవాడు. ప్రతిసారీ ఆరనిచ్చి, పాత పంచె ముక్కతో మెరిసేదాకా తుడిచేవాడు. ఆఖరి పూత తుడిచే ముందు కుడి అరచెయ్యి దాని మీద ఆనించి కళ్లు మూసుకునేవాడు. చిటికెన వేలు ఎప్పుడో ఫ్యాన్‌బెల్టులో పోయింది కాబట్టి మైనం మీద నాలుగు వేళ్లే పడేవి.

"ఏం చూస్తాండావు ఉస్తాద్?"

"ఇడుస్తావా ఇడవవా అని అడుగుతాండా. నువ్వు నవ్వాకు, దానికి కోపమొస్తాది."

తర్వాత ఆ గుర్తు ఏమాత్రం మిగలకుండా తుడిచేవాడు.

మట్టి అయిన మూడో రోజు ఎమ్మిగనూరులో ఆయన షెడ్డుకు వెళ్లాను. ఆయన భార్య షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయింది. "నేను రాను నాయనా. ఆయన పోయినప్పట్నించి ఆడ ఎవరో గోరుతో తట్టినట్టు సప్పుడైతాంది."

నిలబడి విన్నాను. టక్. చాలాసేపటికి మళ్లీ, టక్.

అదేమిటో నాకు తెలుసు. రెజిన్ గట్టిపడి ముడుచుకునే కొద్దీ లోపలి వస్తువు అచ్చును వదులుతుంది.

"మైనం పూసినాడమ్మా," అన్నాను. "అది ఇడుస్తాంది."

అంచున నీళ్లు పోసి చెక్కసుత్తితో తట్టాను. రెండో దెబ్బకే నిట్టూర్పులాంటి చప్పుడుతో బానెట్ లేచి వచ్చింది. ఎక్కడా గీత పడలేదు. తిప్పి చూస్తే నడిమధ్య ఉబ్బెత్తుగా ఒక అరచెయ్యి, లోపలి నుంచి ఎవరో బయటికి ఆనించినట్టు. నాలుగు వేళ్లు. ఆ ఒక్కసారి ఆయన తుడవలేదు. మరిచాడో, ఒంట్లో ఓపిక లేకపోయిందో.

ఆమె గుమ్మంలోంచే చూసింది. "రుద్దేస్తావా?"

"లేదమ్మా."

దాని మీదే రంగు వేశాను. ఇప్పుడా కారులో గోనెగండ్ల దారిలో పోయి వస్తే బానెట్ నిండా దుమ్ము. గుడ్డ పెట్టగానే, అన్నిటికన్నా ముందు ఆ నాలుగు వేళ్లే పైకి తేలతాయి.