కాలమైతదా అని నాయిన అడిగిన రోజు

మా అపార్టుమెంటు లిఫ్టు పక్కన మొన్న ఒక కాగితం అంటించారు. వాతావరణ మార్పు, సౌరశక్తి గురించి ఆదివారం సాయంత్రం మేడ మీద ప్రసంగం ఉందని, ఈ విషయాల మీద పుస్తకాలు రాసిన ఒకావిడ మాట్లాడతారని అందులో ఉంది. గుండ్లపోచంపల్లిలో ఇలాంటివి అరుదు కాబట్టి నిలబడి చదివాను, చదువుతూ ‘వాతావరణ మార్పు’ అన్న మాట దగ్గర ఆగిపోయాను, ఈలోగా లిఫ్టు వచ్చి నేను ఎక్కకుండానే పైకి వెళ్లిపోయింది. ఆ మాట అందక దాని బదులు ఇంకో మాట వాడిన రోజు ఒకటి నాకు ఉంది.

తొంభైల చివర నేను మేడ్చల్‌లో టీచరుగా పనిచేస్తున్నప్పుడు, పర్యావరణం మీద పుస్తకాలు రాసే ఒక పెద్దాయన మా బడికి వచ్చారు. ఆయనకు తెలుగు రాదు కాబట్టి, ఆయన ఇంగ్లీషులో చెప్పేది చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు తెలుగులో చెప్పే పని మా హెడ్మాస్టరు నాకు అప్పగించారు. శామీర్‌పేట దగ్గర మా ఊరి నుంచి నాయిన కూడా వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. కూతురు మాట్లాడితే చూద్దామని కాదు. మా పొలంలో ఉన్న బోర్లన్నీ ఆ వేసవిలో ఎండిపోయాయి. ఇంకొకటి వేయించాలా, లేక ఇంటి చుట్టూ తిరుగుతున్న ప్లాట్లవాళ్లకు భూమి అమ్మేయాలా అన్నది తేల్చుకోలేక, అమ్మతో కూడా సరిగా మాట్లాడకుండా ఉంటున్నాడు. వానల సంగతి తెలిసిన మనిషి వస్తున్నారని నేనే కబురు చేశాను.

క్లైమేట్‌కు పాఠ్యపుస్తకంలో శీతోష్ణస్థితి అని ఉండేది. పిల్లలకే నోరు తిరగని ఆ మాట రైతుల ముందు అనలేక మా వైపు మాటే వాడాను. మీలో పల్లెల్లో పెరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, వానలు బాగా పడితే కాలమైంది అనేవాళ్లం, పడకపోతే కాలం కాలేదు అనేవాళ్లం. అందుకని, కాలం మారుతోంది, దానికి మనుషులే కారణం అంటున్నారు అని చెప్పాను. హాలంతా తల ఊపింది.

“సారుకెట్ల తెల్సింది? మా కోడలు నేను లేశినంక లేస్తాంది” అన్నది ముందు వరుసలోని ఒక అవ్వ.

“నీ కోడలే నయం, మాదైతే పిలిస్తె పలుకదు” అని పక్కనున్నామె అందుకుంది.

అక్కడి నుంచి మాట టీవీల మీదికి, మాట వినని పిల్లల మీదికి పోయింది. వాళ్లేమంటున్నారని రచయిత అడిగితే, నేను కాలం అంటే రోజులు మారాయని అనుకుని కోడళ్ల గురించి చెప్పుకుంటున్నారని చెప్పక తప్పలేదు. ఆయన నవ్వి, ఆ మాటకు ఇంకేం అర్థాలున్నాయో అడిగి తెలుసుకుని, ‘కాలం’ అని తనలో తాను పలికి చూసుకున్నారు.

తర్వాత ఆయన పుస్తకమంత సోలారు పలకను ఎండ పడే కిటికీలో పెట్టి, దానికి చిన్న రేడియో తగిలించారు. రేడియో పాడింది. నాయిన వెనక నుంచి లేచి వచ్చి, ఎవరినీ అడగకుండా, భుజం మీది తువ్వాల తీసి పలక మీద కప్పాడు. రేడియో ఆగింది. తువ్వాల తీస్తే మళ్లీ పాడింది. కొంచెం కొంచెంగా కప్పుతూ, ఎక్కడ దాని గొంతు తగ్గుతుందో చూశాడు. పిల్లలు నవ్వుతున్నా పట్టించుకోలేదు. బోరు గురించి కాక ఇంకోదాని గురించి నాయిన ఆలోచించడం ఎన్నాళ్ల తర్వాతో చూశాను. ఆ ఆలోచన కూడా చివరికి బోరు దగ్గరికే వచ్చింది.

“గిది బోరు నడుపుతదా? అడుగు బిడ్డా.”

ఇది నడపదు, దీనికన్నా చాలా పెద్దవి నడుపుతాయి, కానీ కింద నీళ్లు లేకపోతే ఎండ మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది అన్నారాయన. నాయిన ఆ మాట ఒప్పుకుని, అసలు ప్రశ్న అప్పుడు అడిగాడు.

“మరి ఇగ కాలమైతదా, కాదా?”

ఈసారి ఆ మాటకు అర్థమేమిటో హాల్లో అందరికీ తెలుసు. ఎండలు ఇంకా ముదురుతాయి, వాన పడితే ఒక్కసారే కుండపోతగా పడి తర్వాత చాలా రోజులు రాకపోవచ్చు, అంతవరకు చెప్పగలను, మీ పొలం మీద వచ్చే ఏడు పడుతుందా అంటే నాకు తెలియదు అన్నారు రచయిత. నాయిన ముఖం చూస్తూ తెలియదు అని చెప్పడానికి మనసొప్పలేదు గానీ అదే చెప్పాను.

బస్సు కోసం నిలబడ్డప్పుడు నాయిన తువ్వాల దులిపి మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. తర్వాత, “బోరు పాయింటు జూసెటోడు నీళ్లున్నయంటడు. ప్లాట్లోడు గింత రేటు మల్ల రాదంటడు. గీ సారొక్కడే తెల్వదన్నడు. గా మాట మీద నిలబడొచ్చు” అన్నాడు.

ఆ ఏడు బోరు వేయించలేదు, భూమీ అమ్మలేదు. వరి మానేసి జొన్న, కంది చల్లి, పడ్డ వానకు పండినంత పండించుకున్నాడు. కొన్నేళ్లు కాలమైంది, కొన్నేళ్లు కాలేదు. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు చుట్టూ వెంచర్లు లేచి, పొలానికి వెళ్లాలంటే ఎవరివో ప్రహరీలు చుట్టి వెళ్లాల్సి వచ్చినప్పుడు అమ్మాడు. వాన లేక కాదు, దారి లేక అమ్మాడు.

ఆదివారం ప్రసంగానికి వెళ్లాను. ఆవిడ చక్కటి తెలుగులో, సరైన మాటలతో చెప్పింది, ఎవరూ ఏదీ పొరపాటుగా అర్థం చేసుకోలేదు. పలకలు ఎన్నేళ్లు పనిచేస్తాయి, కరెంటు బిల్లు ఎంత తగ్గుతుంది అని మావాళ్లు అడిగారు. అవసరమైన ప్రశ్నలే, నాకూ కొన్ని కొత్త సంగతులు తెలిశాయి. వాన గురించి ఎవరూ అడగలేదు. నేను చెయ్యెత్తి, మళ్లీ దించేశాను. నోటిదాకా వచ్చింది నాయిన ప్రశ్నే, కానీ అది అడగడానికి పొలం ఉండాలి.

ఇప్పుడు వాన పడితే వర్షం పడుతోంది అంటాం, పడకపోతే ఉక్కగా ఉంది అంటాం. కాలం అన్న మాట మా ఇంట్లో చివరిసారి వినబడింది నాయిన పోయిన రోజు, బంధువులు ఒకరికొకరు ఫోన్లు చేసి, కాలం చేసిండు అని చెప్పుకుంటున్నప్పుడు.