పిన్నికి నేర్పిన రెండో మాట

ఇవాళ అమలాపురంలో పిన్ని ఇంట్లో అడుగుపెట్టగానే పొట్టిక్కల వాసన. ఉడికిన పనసాకు వాసన తగిలితే చాలు, నాకు ఇంగ్లీషు గుర్తొస్తుంది. నవ్వకండి.

మన బడిలో ఎవరైనా థాంక్యూ అంటే "నో మెన్షన్" అనేవాళ్ళం, గుర్తుందా? పిన్ని కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళేముందు ఆ మాటలు నేర్పింది నేనే. పొట్టిక్కలకి ఇడ్లీపిండి పొయ్యడానికి ఈనెపుల్లలతో పనసాకుల్ని బుట్టలుగా కుడుతూ వల్లెవేసేది. నో మెన్షన్ అంటే "అనొద్దు" అని అర్థం చెబితే మాత్రం ఒప్పుకోలేదు.

"మంచిమాట అన్నవాళ్ళని అనొద్దంటే ఏం బాగుంటుందే?"

సరేనని "యు ఆర్ వెల్కమ్" నేర్పాను.

కొన్నాళ్ళకి పిన్ని ఫోన్ చేస్తే, నా ఇంగ్లీషు పనికొచ్చిందా అని అడిగాను.

"థాంక్యూ తెగ అంటన్నానే అమ్మలూ. ఆ రెండోదానితోటే ఇంకా పని పడలేదు."

అప్పుడు నాకేమీ అర్థం కాలేదు. పిన్ని తిరిగొచ్చేసి చాలా ఏళ్ళయింది. ఇవాళ వేడి పొట్టిక్క నా కంచంలో పెడుతుంటే "థాంక్యూ పిన్నీ" అన్నాను. మన ఇళ్ళల్లో అలా అనుకోం కదా, పిన్ని చెయ్యి ఆగిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుని, నేను నేర్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా అంది.

"యు ఆర్ వెల్కమ్."