నాలుగో మంచం దగ్గర రెండు నిమిషాలు

వార్డులో అందరూ ఆవిడను పెద్దక్క అనేవారు. నర్సుగా ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఎంత సన్నని నరమైనా ఆవిడ వేలికి దొరక్కుండా పోయేది కాదు. కుర్ర డాక్టర్లు సూదితో కుస్తీ పట్టి పట్టి, చివరికి నసుగుతూ ఆవిడనే పిలిచేవారు. "చదువంతా అయిపోయిందా బాబూ?" అని ఓ చురక అంటించి పని చేసిపెట్టేది. నోరు పెద్దదే గానీ మనసు వెన్న.

నాలుగో మంచం మీద తుంటి ఆపరేషనైన టైలర్ తాత ఉండేవాడు. చేతులాడించకుండా మాట్లాడటం ఆయన వల్ల కాదు. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూడటానికి వేలికి తగిలించిన క్లిప్పు రోజుకు ఇరవైసార్లు ఊడేది, ఊడగానే పక్కనున్న మానిటరు గోల పెట్టేది. పెద్దక్క "తాతా, క్లిప్పు" అని కేకేసి, నర్సుల బల్ల మీదున్న బటన్ నొక్కేది. నొక్కితే రెండు నిమిషాలు చప్పుడుండదు, ఆలోపు తాతే క్లిప్పు పెట్టుకునేవాడు. వార్డులో అందరూ చేసే పనే. అలా చేయకపోతే ఆ మోతల మధ్య ఎవరికైనా పిచ్చెక్కుతుంది.

ఓ బుధవారం పొద్దున మానిటరు మోగింది. పెద్దక్క బల్ల దగ్గర ఇంకో ముసలావిడకు ఎక్కించాల్సిన మందు కలుపుతోంది. తలెత్తకుండానే కేకేసింది, బటన్ నొక్కింది. మందు కలపడం ముగించి చూసేసరికి తాత పెదాలు నల్లబడి ఉన్నాయి. క్లిప్పు వేలికే ఉంది.

ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడిందన్నారు డాక్టర్లు. పరుగున వెళ్ళినా బతికేవాడు కాదేమో అన్నారు. ఆ 'ఏమో' ఆవిడను పట్టుకుని వదల్లేదు. విచారణ కమిటీ, తప్పు ఏ ఒక్కరిదీ కాదు, మోతల పద్ధతే మార్చాలి అని రాసింది. తాత ఇంటివాళ్ళకు చెప్పాల్సిన పెద్ద డాక్టరు గడ్డ సంగతి మాత్రమే చెప్పి చేతులు దులుపుకున్నాడు.

పెద్దక్క తనే అడిగి, కింద రికార్డుల గదికి మారింది. ఇంట్లో తినడానికి కూర్చుంటే ముద్ద దిగేది కాదు. భర్త ఫోను మోగినా చేతిలో పని పడేసి పరిగెత్తేది.

"నీ తప్పేం లేదని రాసిచ్చారు కదే," అనేవాడు ఆయన.

"రాసినవాళ్ళు అక్కడ లేరండీ."

నెల రోజులు ఓపిక పట్టి హెడ్ సిస్టర్ కబురు పెట్టింది. సోమవారంలోగా వార్డుకు రాకపోతే ఆ చోటు వేరొకరికి ఇవ్వక తప్పదంది. వెళ్ళాలని పెద్దక్కకూ ఉంది. ఆ పని తప్ప ఆవిడకు వేరే లోకం లేదు. కానీ మళ్ళీ ఒక రోగి చెయ్యి పట్టుకోవడానికి మొహం చెల్లడం లేదు.

శుక్రవారం తాత కూతురు ఫైలు నకలు కోసం ఆ గదికి వచ్చింది. పెద్దక్కను చూడగానే ఆమె కళ్ళు చెమర్చాయి.

"మీరు ఇక్కడున్నారా అక్కా? నాన్న మిమ్మల్ని తెగ పొగిడేవాడు. మా ఇంట్లో అందరికీ మీ గురించే చెప్పాను."

పెద్దక్క ఫైలు నకలు కాగితాలు తీసి సర్దింది. కాగితాలు చేతికిచ్చి పంపేయొచ్చు. అడిగేవాళ్ళెవరూ లేరు.

"ఒక్క మాట అక్కా. చివర్లో బాధపడ్డాడా?"

ఇరవై రెండేళ్ళుగా ఈ ప్రశ్నకు ఆవిడ ఒకటే జవాబు చెబుతూ వచ్చింది. లేదమ్మా, నిద్రలోనే పోయారు. నిజమైనా, కాకపోయినా. ఇప్పుడూ ఆ మాటే నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలీదమ్మా," అంది. "మానిటరు మోగింది. క్లిప్పు ఊడిందనుకుని నేనే ఆపేశాను. రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు నేను ఆయన వైపు చూడలేదు."

కూతురు కళ్ళు తుడుచుకుంది.

"ఇప్పుడు మా వాళ్ళకు ఏం చెప్పమంటారు?"

"ఉన్నదున్నట్టు చెప్పమ్మా."

ఆమె కాగితాలు తీసుకుని, వస్తానని కూడా అనకుండా వెళ్ళిపోయింది. పెద్దక్క క్షమించమని అడగలేదు. అడిగే హక్కు తనకుందని అనుకోలేదు. బల్ల మీద తల ఆన్చి, నెల రోజుల్లో మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని మేడెక్కి హెడ్ సిస్టర్ ముందు నిలబడింది.

"సోమవారం వస్తాను," అంది. "ఆ అమ్మాయి ఫిర్యాదు చేస్తే మాత్రం నా పేరు దాచొద్దు."