డ్రైవరు సీటు ఖాళీ చేయించిన మౌలాలి గారు

శుక్రవారం మధ్యాహ్నం ఉయ్యూరులో మా మేనకోడలి ఇంట్లో విస్తరి ముందు కూర్చుని ఉండగా ఫోను మోగింది. "మౌలాలి గారు పోయారండీ" అన్నాడు మా షెడ్డు వెల్డరు రాంబాబు. "ఏ మౌలాలి?" అని అడిగాను. దాదాపు ముప్ఫై ఏళ్లు ఒకే రేకుల కప్పు కింద నాతో కలిసి వ్యాపారం చేసిన భాగస్వామి గురించి నా నోటి నుంచి వచ్చిన మాట అది. కొన్ని వార్తలను బుద్ధి గుమ్మం దాటనివ్వదు కాబోలు. బస్సు బెజవాడ చేరేంతవరకూ నా మనసు ఆ వార్తతో వాదులాడుతూనే ఉంది. వాళ్లింటి ముందు విడిచిన చెప్పుల గుంపు చూశాక ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు.

షేక్ మౌలాలి గారు ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టిన మహాశిల్పి. శిల్పి అంటే ఆయనకు ఒళ్లు మండేది. "శిల్పం ఒకచోట నుంచుంటదండీ. మన బండి బరువేసుకుని గుంతల్లో పడి లేవాల" అనేవారు. కలప కొనడం, లారీ ఓనర్లతో బేరాలాడటం నా వంతు. కంపెనీ నుంచి ఇంజనూ చక్రాలతో నగ్నంగా వచ్చిన ఛాసిస్‌కు క్యాబిన్, తొట్టి కట్టి దానికొక ఆకారం, గౌరవం కల్పించడం ఆయన వంతు. ఈ డెల్టాలో చెరకు, వడ్లు, ఇటుక మోసిన బళ్లు ఎన్నెన్నో ఆయన హస్తవాసితో రోడ్డెక్కాయి.

మా షెడ్డులో ఆయన పెట్టిన ఆచారం ఒకటుండేది. బాడీ పూర్తయ్యాక చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టించి, తాళంచెవిని ఓనరు చేతికి కాక డ్రైవరు చేతికి ఇచ్చేవారు. "బండి ఓనరుదే. సీటు మాత్రం డ్రైవరుది" అనేవారు. ఓనర్లకు అది రుచించేది కాదు. మైలవరం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి క్యాబిన్ కాస్త కుదిస్తే తొట్టి పెరుగుతుందనీ, ఇంకో నాలుగు బస్తాలు పడతాయనీ పట్టుబట్టాడు. నేను సరేనన్నాను కూడా. మౌలాలి గారు ఆయన్ని చెక్కపీట మీద కూర్చోబెట్టి, మోకాళ్లకు ఆనేలా ఎదురుగా ఒక పలక నిలిపి, "ఇట్టా విశాఖపట్నం దాకా కూర్చుంటారా సార్?" అని అడిగారు. పెద్దమనిషి మా షెడ్డు ఛాయలకు మళ్లీ రాలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటావేమయ్యా అని ఆ రోజు నేను గట్టిగానే కేకలేశాను. ఆయన చెవిన వేసుకోలేదు.

ఆయన తమ్ముడు జానీ లారీ డ్రైవరు. ముందుకు పొడుగాటి మూతి ఉన్న పాతకాలపు లారీ తోలేవాడు. దాని క్యాబిన్ అన్నగారు కట్టిందే. తొంభైల చివర్లో ఒక శీతాకాలం తెల్లవారుజామున, కళ్లు పొడుచుకున్నా కానరాని మంచులో, రోడ్డు మధ్యలో ఆగి ఉన్న మరో బండిని ఆ లారీ గుద్దుకుంది. మూతిలో ఉన్న ఇంజను వెనక్కి తోసుకొచ్చి జానీ కూర్చున్న చోటును ఆక్రమించింది. మౌలాలి గారు షెడ్డు నుంచి గ్యాస్ కట్టరు పట్టుకెళ్లి, తాను కట్టిన క్యాబిన్‌ను తానే కోసి తమ్ముణ్ని బయటికి తీశారు. ఇంకెవరినైనా కొయ్యనివ్వమని బతిమాలాను. "నేను కట్టింది నేనే కోస్తా. ఎక్కడ ఏ బోల్టుందో నాకు తెలుసు. వాడికి తగలకుండా కోస్తా" అన్నారు. అప్పటికే తగలడానికీ తగలకపోవడానికీ తేడా లేదు. ఆ మాట ఆయనతో అనగలిగినవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

ఆ తరువాత ఆయన పనిచేశారు, నమాజు చేశారు, నాతో పోట్లాడారు. జానీ పేరు మాత్రం ఎత్తలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు ఆయన ఊపిరితిత్తులు మొరాయించాయి. రంపపు పొట్టు, రంగుల ఆవిరి ఇక తగలకూడదని డాక్టరు ఖండితంగా చెప్పాడు. షెడ్డుకు రాలేని మౌలాలి గారిని చూడటం నాకు దుర్భరంగా ఉండేది. ఆ రోజుల్లోనే గన్నవరం ట్రాన్స్‌పోర్టు ఓనరొకాయన సింగపూర్‌లో కొన్న రిమోట్ బొమ్మ లారీ ఛాసిస్‌ను తెచ్చి, "దీని మీద మన పాత మూతి లారీని కట్టుకోండి భాయ్, పొద్దుపోతది" అని ఇచ్చి వెళ్లాడు. మూరెడు పొడవు, ఇనుప చట్రం, బ్యాటరీ, మోటారు, గేర్‌బాక్సు, అన్నీ ఉన్నాయి. మౌలాలి గారు మిగిలిన టేకు ముక్కలతో తొట్టి చేశారు. పలుచని రేకుతో క్యాబిన్ చేసి ఛాసిస్ మీద పెట్టి చూశారు. మోటారూ గేర్‌బాక్సూ చట్రానికి నడిమధ్య ఉన్నాయి. సరిగ్గా డ్రైవరు సీటు ఉండాల్సిన చోట మోటారు కూర్చుంది.

నేను ఆ సమయానికి అక్కడే ఉన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. క్యాబిన్ ఊడదీసి పక్కన పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆయన భార్య ఖాసింబీ గారు టీ తెచ్చి నిలబడి నావైపు చూశారు. బొమ్మ బండి కదా, అద్దాలకు నల్లరంగు వేస్తే లోపల ఏముందో ఎవరు చూస్తారని నేనొక వెర్రి సలహా ఇచ్చాను.

"నేను చూస్తా" అన్నారు గోడవైపే తిరిగి. "ఇంజను దాని చోట్లో అది ఉండాల. మనిషి చోట్లోకి రాగూడదు. ఇదొక్కటి సరిచేసి పోతా సుబ్బారావు గారూ."

ఆయన ఏం సరిచేయబూనుకున్నారో నాకు అర్థమైంది. అందుకే ఆదివారాలు వాళ్లింటికి వెళ్లి కూర్చునేవాణ్ని. మోటారును మూతిలోకి జరపడం చెప్పినంత సులువు కాదు. జరిపితే ముందు ఆక్సిల్‌కు తగులుతోంది. గేర్‌బాక్సును ముందువైపు వెనక్కి వచ్చేలా తిప్పి బిగిస్తే చోటు చాలింది. వెనక చక్రాలకు వెళ్లే షాఫ్టు పొట్టిదైపోతే, ఒకదానిలో ఒకటి జారే ఇత్తడి గొట్టాలతో పొడుగు షాఫ్టు చేశారు. నాలుగు రాకుడులు రాకితే ఆయాసం వచ్చేది. ఆకురాయి నాకిచ్చి, నేను రాకేది నచ్చక మళ్లీ లాక్కునేవారు.

అంతా బిగించి మీట ముందుకు నొక్కితే లారీ వెనక్కి పోయింది. గేర్‌బాక్సు ఎదురు తిప్పాం కనక షాఫ్టూ ఎదురు తిరుగుతోంది. ఇద్దరం బతుకంతా డీజిలు వాసన పీల్చినవాళ్లం. మా లెక్కలో ఇంజను తిరిగే దిక్కు దైవలిఖితం, దాన్ని మార్చడం మానవసాధ్యం కాదు. కాబట్టి చక్రాలు మళ్లీ ముందుకు తిరిగేలా వెనక ఆక్సిల్ హౌసింగ్‌ను తలకిందులు చేసి బిగించాలని తీర్మానించాం. అది తలకిందులైతే బరువు మోసే కమాను కట్టలు కూర్చునే దిమ్మలు పైనుండాల్సినవి కిందికొచ్చాయి. వాటిని కోసి మళ్లీ అతికే పనిలో ఆయనకు ప్రాణం కడబట్టింది. ఒక ఆదివారం ఆకురాయి ఆయన చేతిలోంచి జారిపడితే వంగి తీసుకోలేకపోయారు.

ఖాసింబీ గారు కూర తరుగుతూ అంతా చూస్తున్నారు. "ఫ్యానుకి వైండింగ్ కట్టించినప్పుడు ఎదురు తిరిగితే ఆ అబ్బాయి రెండు వైర్లు అటూ ఇటూ మార్చి పోయాడు గదండీ. దీనికీ మార్చరాదూ?" అన్నారు.

ఆకురాయి పక్కన పడేశాం. హౌసింగ్‌ను మామూలుగా బిగించి వైర్లు మార్చాం. మీట నొక్కితే లారీ బుద్ధిగా ముందుకు నడిచింది. మౌలాలి గారు నవ్వారు. నవ్వు దగ్గయింది, దగ్గు తెగక ఆమె వీపు నిమరాల్సి వచ్చింది. ఆ నవ్వు విని ఎన్నేళ్లయిందో!

ఆ పైన క్యాబిన్‌ను ఛాసిస్ మీదికి దించారు. లోపల శుభ్రంగా చోటు. అందులో వేలెడంత సీటు, దానికి గళ్ల గుడ్డ కవరు, బొత్తామంత స్టీరింగు అమర్చారు. అద్దంలోంచి చూస్తే అడ్డమేమీ లేదు. నాకు ఉత్సాహం పట్టలేక వన్‌టౌన్ అంతా తిరిగి ఖాకీ చొక్కా వేసిన చిన్న డ్రైవరు బొమ్మను కొనుక్కొచ్చాను. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. తిరిగి నా చేతిలో పెట్టారు.

"వద్దులెండి. ఖాళీగానే ఉండనీండి" అన్నారు. "జానీ దిగి టీకి పోయాడనుకుంటా."

ఇన్నేళ్ల తరువాత ఆయన నోట తమ్ముడి పేరు వినడం అదే మొదటిసారి. నాకు దుఃఖం ఆగలేదు. ఆయన మాత్రం ప్రశాంతంగా ఉన్నారు. ఆ తరువాత ఎన్నో వారాలు బతకలేదు. మంచం పక్కన బల్ల మీద లారీని పెట్టించుకుని, దాని క్యాబిన్ తలుపు తెరిచి ఉంచమన్నారని ఖాసింబీ గారు చెప్పారు.

మౌలాలి గారి వంటి పనిమంతులు మళ్లీ పుడతారని ఓదార్చడానికి వచ్చినవాళ్లు అంటున్నారు. మర్యాదకు తల ఊపుతున్నాను గానీ ఒక్క ముక్కా నమ్మడం లేదు. నిన్న షెడ్డుకు కొత్త ఛాసిస్ వచ్చింది. క్యాబిన్ ఎంత పెట్టాలని రాంబాబు నన్నడిగాడు. కొలత చెప్పలేక ఆఫీసుగదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను.

మహానుభావా, నీ స్నేహానికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. పోయిన తమ్ముణ్ని టీకి పంపి, తిరిగొస్తాడన్నట్టు చూస్తూ కూర్చోగలిగిన గుండె నీది. నాకంత గుండె లేదు. ఖబరస్తానులో అందరితోపాటు నేనూ నా దోసిళ్లతో నీ మీద మట్టి పోసి వచ్చాను. నువ్వూ టీకి వెళ్లావని అనుకోలేను; నువ్వెక్కడికి వెళ్లావో నాకు తెలుసు.