చెన్నయ్య మందు తాగుతాడు

"ఇక్కడ రోగం ఎవరికయ్యా? ఎద్దుకా, నీకా?"

వేపేరి పశువైద్య కళాశాలలో లెక్చరర్ ప్రభాకరరావుగారు మొదటి సంవత్సరం విద్యార్థి చెన్నయ్యను నలభైమంది ఎదుట అడిగిన ప్రశ్న ఇది. చెన్నయ్య వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. ఎద్దుకు పోయవలసిన మందు సగం వెదురుగొట్టంలో ఉంది, ఒక గుక్క అతని నోట్లో ఉంది. మింగి, కళ్లు తుడుచుకుని అన్నాడు:

"ఎద్దుకేనండీ. ఉప్పు కొంచెం ఎక్కువైంది."

చెన్నయ్యకున్న వింత అలవాటు ఇదొక్కటే. ఏ పశువుకు మందు పోయాలన్నా ముందు తానొక గుక్క తాగేవాడు. ఎద్దయినా సరే, గాడిదైనా సరే, దొరసాని ఒళ్లో కూర్చుని వచ్చిన కుక్కపిల్లయినా సరే. తాగకుండా పోయమంటే, స్నానం చేయకుండా పీటమీద కూర్చోమన్నట్టు ఇబ్బంది పడిపోయేవాడు.

నేనప్పుడు మద్రాసులోనే తత్వశాస్త్రం ఆనర్సు చదువుతున్నాను. మాది గిద్దలూరు. అతనిది కంభం పక్కన అర్ధవీడు. మేం మాట్లాడే తెలుగు విని నవ్వని మనిషి ఇంకొకడు మద్రాసులో దొరక్క మేమిద్దరం చూళైలో ఒక మేడమీద గది అద్దెకు తీసుకుని స్నేహితులమయ్యాం. నా చదువుకు పొద్దున తొమ్మిదిదాకా నిద్రపోవడం అవసరం. అతని చదువుకు ఆరింటికల్లా ఆస్పత్రి కొట్టంలో పుండ్లు కడుగుతూ ఉండడం అవసరం. అక్కణ్ణుంచి క్లాసులు, మధ్యాహ్నం చచ్చిన గాడిదను కోసి ఎముకల పేర్లు బట్టీయం వేయడం, సాయంత్రం మళ్లీ కొట్టం. ముందు గదికి ఫినాయిలు వాసన వచ్చేది, అయిదు నిమిషాలకు చెన్నయ్య వచ్చేవాడు.

వచ్చి అన్నంకంటే ముందు రుచుల పుస్తకం తీసేవాడు. ఆ రోజు తాగిన మందులన్నిటి రుచీ అందులో రాసుకునేవాడు. అతను లేనప్పుడు నేను దొంగతనంగా చదివేవాణ్ణి, నా తత్వశాస్త్రంకంటే నయంగా ఉండేది. 'నేలవేము కషాయం: చేదు. కానీ మోసం లేని చేదు, మొదట్నించీ చివరిదాకా ఒకటే.' 'ఇంగువ నీళ్లు: పులిహోర గుర్తొచ్చి ఏడుపొచ్చింది.' 'భేదిఉప్పు: ఎండాకాలం అడుగంటిన బావి.' ఒక దగ్గుమందుకైతే 'మేనమామ పలకరింపు' అని మాత్రమే ఉంది. మెస్సులో సాంబారు పోస్తుంటే కూడా చెయ్యి అడ్డం పెట్టి, "రెండు ఔన్సులు చాలు, ఇంకోసారి రాత్రికి చూద్దాం," అనేవాడు.

గుర్రం సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. గుర్రాలకు కడుపు కదలడానికి ముసాంబరం ఉండ మింగిస్తారు. ఉండ నిమ్మకాయంత ఉంటుంది. చెన్నయ్య దాంట్లోంచి శనగగింజంత గిల్లి నోట్లో వేసుకున్నాడు. మర్నాడు పొద్దున పరీక్ష. మొదటి అరగంటలో మూడుసార్లు లేచాడు. నాలుగోసారి ప్రభాకరరావుగారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"ఎక్కడికి?"

"నిన్నటి గుర్రం మందు సార్."

"గుర్రం ఎట్లా ఉంది?"

"గుర్రం బాగుంది సార్. దానికింకా పనిచేయలేదు. కొంచెం దారి ఇవ్వండి సార్."

ఆయన దారి ఇచ్చారు. కానీ శిక్షగా ఇద్దరి మీదా కలిపి రిపోర్టు రాసుకురమ్మన్నారు. చెన్నయ్యకు అది శిక్ష అని తెలియలేదు. కష్టపడి రాశాడు: 'గుర్రానికి ఇరవై గంటలకు, నాకు ఎనిమిది గంటలకు. గుర్రం నాకంటే ఓర్పు గలది.'

ఇంతవరకూ నవ్వుకోవడానికి బాగానే ఉంది. ఆ తర్వాతది నా పుణ్యం.

చెన్నయ్యను పెంచింది వాళ్ల అవ్వ పిచ్చమ్మ. రెండో సంవత్సరం సంక్రాంతి దాటాక ఆమె బడిపంతులు చేత నాకొక కార్డు రాయించింది: మావాడు ఎట్లున్నాడు, వేళకు తింటన్నాడా, నీకు తెలిసిందంతా దాచకుండా రాయి నాయనా అని. నాకు పరీక్షల తొందర. విశ్వవిద్యాలయంలో సంక్షిప్తంగా రాయడం నేర్పుతారు. నేను సంక్షిప్తంగా రాశాను: 'మీ మనవడు కులాసా. బాగా చదువుతున్నాడు. రోజూ మందు తాగుతున్నాడు, దానికి మీరు దిగులుపడవద్దు.'

ఈ కార్డును బడిపంతులు రచ్చబండ దగ్గర బిగ్గరగా చదివాడు. అర్ధవీడు రెండు పక్షాలైంది. చెన్నయ్యకు ఛాతీ జబ్బు చేసిందని ఒక పక్షం. చెన్నయ్య సారాకు మరిగాడని ఇంకో పక్షం. దిగులుపడొద్దు అన్నాడంటే ఇంక ఆశ లేదని మొదటివాళ్లు, తాగుబోతు స్నేహితులు అట్లనే రాస్తారని రెండోవాళ్లు. వేసవి సెలవులకు చెన్నయ్య బుగ్గలు పూడి, నున్నగా, ఒక్క దగ్గు కూడా దగ్గకుండా ఊళ్లో దిగేసరికి జబ్బు పక్షం ఓడిపోయింది. సారా ఒక్కటే మిగిలింది. వెలిగండ్ల సంబంధం వాళ్లు పిల్ల ఇంకా చిన్నది అని కబురు పెట్టారు. ముందు నెల ఆ పిల్ల పెద్దదే.

పశ్చాత్తాపంతో కొంత, అవ్వ చేసే జొన్నరొట్టెల మీద ఆశతో కొంత నేనూ జూన్‌లో పదిరోజులు అర్ధవీడు పోయాను. అప్పటికి చెన్నయ్య పెట్టెలో సీసాలన్నీ మూతలు తీయకుండానే ఉన్నాయి. ఒక్క మేకను కూడా అతని చేతికివ్వలేదు. అరుగుమీద కూర్చుని, వీధిలో పోయే ఎద్దుల నడక చూసి, "దీనికి వెనక గిట్టలో ముల్లుంది," అనేవాడు. వాటి యజమానులు ఎద్దును కొంచెం దూరంగా తోలుకుపోయేవాళ్లు.

"ఏందవ్వా, మనోళ్లు నన్ను చూసి పక్కకు పోతాండారు?"

"ఎండ నాయనా," అనేది పిచ్చమ్మవ్వ, నా వైపు చూస్తూ.

నేను వచ్చిన మూడోరోజు చాంద్‌బీ బర్రె పలుపు తెంపుకుని బావి కింద అలసంద చేలో పడి కడుపు పగిలేట్టు మేసింది. చాంద్‌బీ మొగుడు మొహిద్దీన్ బాషా మార్కాపురంలో పలకల గనిలో పనిచేస్తూ నెలకొకసారి ఇంటికొచ్చేవాడు. తక్కిన ఇరవైతొమ్మిది రోజులూ ఆమె, ఇద్దరు ఆడపిల్లలు ఆ బర్రె పాలమీదే బతికేవాళ్లు. మేం చాంద్‌బీ దొడ్లోకి పోయేసరికి బర్రె ఎడమ డొక్క వెన్నుపూస దాటి పైకి ఉబ్బింది. తడితే తప్పెట మోగినట్టు మోగుతోంది. ఊపిరి అందక నాలుక బయటపెట్టి నిలబడింది. పక్కన ఎవరో వాత పెట్టడానికి కొడవలి కాలుస్తున్నారు.

చాంద్‌బీ చెన్నయ్యను చూసి బర్రెకు అడ్డం నిలబడింది.

"నువ్వు రావద్దు చెన్నా. నా ఇంటికి ఇదొక్కటే ఆధారం. తాగినోని చేతికి ఇయ్యను."

"నేను తాగలేదు చిన్నమ్మా!"

"జాబు ఊరంతా విన్యారు. నీ పక్కనుండే ఆ కళ్లద్దాలాయనే రాసినాడంట."

నేను కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాను.

"అది సారా కాదు చిన్నమ్మా, పశువుల మందు. కడుపుబ్బరానికి నా దగ్గర మంచి మందుంది. గంట దాటితే నేనే కాదు, ఎవురూ ఏం చెయ్యలేరు. కొడవలితో కాల్చినా గాలి పోదు."

చాంద్‌బీ బర్రెను చూసింది, కొడవలిని చూసింది. "సరే, నా ముందర కలుపు. నాకు అన్నీ కనపడాల," అంది.

నేను చెన్నయ్యను గోడ చాటుకు లాగాను.

"ఒరే, నీ కాళ్లు పట్టుకుంటా. ఈ ఒక్కసారికి తాగకుండా పొయ్యి."

"తాగకుండా ఎట్ల పోస్తాం?"

"లోకంలో అందరూ ఎట్ల పోస్తాండారు?"

"అందుకే అవి దగ్గి చస్తాండాయి."

"ఊరంతా చూస్తాంది రా!"

"చూడనీ," అన్నాడు. మూగజీవాల మీద కరుణ గురించి మద్రాసులో నేను బోలెడు ఉపన్యాసాలు విన్నాను. ఉపన్యాసకుడి గుర్రబ్బండి బయట ఎండలో నిలబడి ఉండేది. చెన్నయ్య కరుణ అనే మాట వాడగా నేను వినలేదు. ఔన్సులు అనే మాటే వినేవాణ్ణి.

అవిసెనూనెలో టర్పెంటైన్, శొంఠిపొడి కలిపాడు. సీసా బాగా ఊపాడు. అర్ధవీడు సగం గోడలెక్కి చూస్తుండగా, తల వెనక్కి వంచి, ఒక గుక్క తాగాడు.

"అదిగో!" అన్నారు గోడమీదనుంచి.

"చూసినావా చాంద్‌బీ? పట్టపగలే!"

"ఎంత చదువుకుంటే మాత్రమేముంది!"

పిచ్చమ్మవ్వ నెత్తిన చేతులు పెట్టుకుని అక్కడే చతికిలబడింది. చెన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు కారాయి. మాట రాక చేత్తో ఆగమని సైగ చేశాడు. అది తూలుతున్నట్టే ఉంది.

చాంద్‌బీ ఒక్క అంగలో వచ్చి సీసా లాక్కుంది. వాసన చూసింది. మొహం చిట్లించింది. అరచేతిలో కొంచెం ఒంపుకుని నాలుకకు తగిలించింది.

"యా అల్లా! తూ! తూ! తూ!"

కడవ దగ్గరికి పరుగెత్తి మూడు చెంబులు పుక్కిలించింది. కొంగుతో మూతి తుడుచుకుంటూ వచ్చి గోడలకేసి తిరిగింది.

"ఓయ్, ఎవుర్రా ఈ పిల్లోడు సరదాకు తాగుతాడన్నది? దిగి రాండి! ఒక్కొక్కరికి ఒక్కో గుక్క నేను పోస్తా! ఇది తాగేటోడు తాగుబోతు కాదు, పిచ్చోడు!" చెన్నయ్య వైపు తిరిగి సీసా ఇచ్చింది. "పిచ్చోడైతే పరవాలేదు. మా ఇంట్లో ఒకడుండాడు, నాకు అలవాటే. కానీ, పొయ్యి."

చెన్నయ్య పోయలేదు. అప్పటికి అతనికి గొంతు పెగిలింది.

"ఉండు చిన్నమ్మా. ఘాటుగా ఉంది. గంజి తే. బెల్లముందా?"

"బర్రె చస్తాంటే బెల్లమేందిరా!"

"నువ్వు ఉమ్మినావు కదా. మూడు చెంబులు పుక్కిలించినావు. అదేం చేస్తాది? దాని నాలుక నేను పట్టుకుంటా, తల వీళ్లు ఎత్తిపట్టుకుంటారు. పాపం, ఉమ్మను కూడా ఉమ్మలేదు. మండితే గింజుకుంటాది. గింజుకుంటే మందు ఊపిరితిత్తుల్లోకి పోతాది. బెల్లం తే."

ఎన్ని ఔన్సులో చెప్పినట్టే చెప్పాడు. రెండేళ్లు ఒకే గదిలో ఉన్నాను నేను. రుచుల పుస్తకం చదివి పొట్ట పట్టుకుని నవ్వాను. ఆస్పత్రిలో చెన్నయ్య మందు పోస్తే మాత్రం పశువులు కదలకుండా నిలబడతాయని ప్రభాకరరావుగారు అంటే, హస్తవాసి అనుకున్నాను. ఏ గొట్టంలో ఎన్ని నీళ్లు కలపాలో అతను ముందు తన గొంతును అడిగి తెలుసుకుంటున్నాడని నా ఆనర్సు బుర్రకు తట్టలేదు.

"నువ్వు నిలబడి చూస్తావేంది?" అని చెన్నయ్య నామీద అరిచాడు. "చాంద్‌బీ ఇంట్లో బెల్లం లేదంట. పో!"

పంచె ఎగగట్టి కొండయ్య దుకాణానికి పరుగెత్తాను. జేబు తడుముకుంటే ఏమీ లేదు.

"అర్ధశేరు బెల్లం! రాసుకో!"

"ఎవురి పేరన రాసుకోవాల?" అన్నాడు కొండయ్య.

"బర్రె పేరన!" అని అరుస్తూ వెనక్కి వచ్చాను.

గంజిలో బెల్లం కరిగించి మందులో కలిపాడు. మళ్లీ ఒక గుక్క తాగాడు. ఈసారి గోడలమీదవాళ్లు ఊపిరి బిగబట్టి అతని మొహం చూశారు. "ఇప్పుడు పరవాలేదు," అన్నాడు. గోడలన్నీ "పరవాలేదంట," అన్నాయి. బర్రె చివరి చుక్కదాకా గుటకలు వేసి తాగింది, గింజుకోలేదు. ముందుకాళ్లు మిట్టమీద ఉండేట్టు నిలబెట్టి, నోట్లో కళ్లెంలాగా అడ్డంగా కట్టె కట్టి, గడ్డిచుట్టతో డొక్క రుద్దడం మొదలుపెట్టాడు. చాంద్‌బీ ఇంకో పక్క రుద్దింది. పిల్లలిద్దరూ తోక దగ్గర నిలబడి ఏడ్చారు. పావుగంట గడిచింది. కొడవలి చల్లారింది, ఎవరూ మళ్లీ కాల్చలేదు.

అప్పుడు ఒక తేన్పు వచ్చింది. కొండమీద ఉరిమినట్టు వచ్చింది. ఆ వెంటనే ఇంకొకటి, చిన్నది, టర్పెంటైన్ వాసనతో.

పిచ్చమ్మవ్వ కళ్లు తుడుచుకుని లేచింది.

"ఇందులో బర్రెది ఏదిరా?"

"పెద్దది అవ్వా," అన్నాడు చెన్నయ్య, సిగ్గుపడుతూ.

సాయంత్రానికి డొక్క లోపలికి దిగింది, బర్రె నెమరేసింది. మర్నాడు పొద్దున అవ్వ గుమ్మం ముందు నాలుగు ఎద్దులు, ఒక దూడ, రెండు మేకలు నిలబడి ఉన్నాయి. వాటితో వచ్చినవాళ్లు ఒకటే పట్టు పట్టారు: "నువ్వు తాగినాకనే పొయ్యాల." అతను తాగడం మరిచిపోతే మందు పనిచేయదని ఆ పక్క ఊళ్లన్నిటికీ నమ్మకం కుదిరింది. చెన్నయ్య పట్టా పుచ్చుకుని ఆ ప్రాంతంలోనే ఉద్యోగం చేశాడు. అతని తర్వాత అక్కడికి వచ్చిన పాపం కొత్త డాక్టరుకు మొదటిరోజే ఒక రైతు గ్లాసు కడిగి తెచ్చిచ్చాడట. ఆయన మూడు నెలల్లో బదిలీ చేయించుకున్నాడు.

కొండయ్య దుకాణంలో అర్ధశేరు బెల్లం తాలూకు అణాన్నర ఇంకా బాకీ ఉంది.